ఇంజను మీద అక్షింతలు

మా అపార్టుమెంటు పార్కింగులో నూనె మరకను ముందు చూసింది మేం కాదు, గ్రౌండ్ ఫ్లోరు ఆవిడ. కార్తీక మాసం. గడప దగ్గర దీపం పెట్టడానికి బయటికి వచ్చిన మనిషి మా కారు కింద నల్లగా మెరుస్తున్న మడుగును చూసి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కాచుకుని ఉంది. "మీ కారే నూనె పోస్తున్నది మేడం, ఇగ దీపాలకు మేం వేరే కొనుడెందుకు?" అంది. ఆ నూనెతో వెలిగిస్తే దేవుడికి దగ్గొస్తుంది, మీ నూనె మీరే కొనుక్కోండి అన్నాను. ఇద్దరం నవ్వాం. కానీ ఆ నవ్వు వెనక వచ్చే అసోసియేషన్ మీటింగు నాకు వినిపిస్తూనే ఉంది.

పైకి వెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన టీవీ ముందు కూర్చుని ఉన్నారు, కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని. వణుకు కనబడకుండా కొన్నాళ్లుగా అలాగే కూర్చుంటున్నారు. నేను చెప్పింది విని, కాసేపు టీవీ వైపే చూసి, "అమ్మేద్దాం తియ్యి" అన్నారు.

నాకు భయం వేసింది నూనెకు కాదు, ఆ మాటకు.

ఆ కారు కొత్తదీ కాదు, గొప్పదీ కాదు. అశోక్‌నగర్ సందుల్లో కోచింగు పిల్లలు రోడ్డు మీదే నిలబడి టీ తాగుతూ నోట్సు తిరగేస్తుంటారే, ఆ పిల్లల మోచేతులకు అద్దం తగలకుండా దూరిపోయే చిన్న బండి. కొన్నప్పటినుంచీ దాని బోనెట్టు ఎత్తే హక్కు మా ఆయనదే. ఆదివారం పొద్దున పేపరు చదవడం అయిపోగానే అదే పేపరును నేల మీద పరిచి, పానాలు సైజుల వారీగా పేర్చుకుని మొదలుపెట్టేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. మా సంసారంలోని వాదనల్లో సగం ఆ బోనెట్టు కిందే జరిగాయి. బషీర్‌బాగ్‌లోని ఆయన ఆఫీసుకు నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కి పోవడం మేలా, కింద నుంచి పోవడం మేలా అన్నది ఇన్నేళ్లయినా తేలలేదు. కోఠిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకున్న మనిషిని. ఆయన ఏ కప్పూ లేకుండానే నాకు సరిజోడు.

మా అత్తగారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. దసరాకు మనుషులకు కొత్త బట్టలున్నట్టే బండికి కూడా ఏదో ఒక కొత్త సామాను పడాలి. మా మామగారు తన స్కూటరుతో మొదలుపెట్టారట. ఒక దసరాకు ప్లగ్గులు, ఒక దసరాకు వైపర్లు, ఏమీ తోచకపోతే ఒక బల్బు. ఆ పొద్దున స్నానం చేసి సొంత చేత్తో బిగించాలి. మెకానిక్ బిగిస్తే లెక్కలోకి రాదు. బిగించాక బోనెట్టు మూయకుండానే ఇంజనుకు పసుపు, కుంకుమ, అక్షింతలు. ఇంజను మీద బియ్యం చల్లడమేమిటని పెళ్లైన కొత్తలో మా ఆయన్ని అడిగాను. "నీ నెత్తి మీద చల్లినం గద, నువ్వేమన్న ఆగినవా?" అన్నారు.

మొన్నటి దసరాకు ఆయన ఎంచుకున్నది ట్యాపెట్ కవరు ప్యాకింగు. ఇంజను నెత్తిన మూతలాంటిది ఒకటి ఉంటుంది, అదే ట్యాపెట్ కవరు. దానికీ ఇంజనుకూ మధ్య నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు పట్టీ ప్యాకింగు. పాతది గట్టిపడిందని కొత్తది తెచ్చారు. అప్పటికే డాక్టరు ఆయన చేతి గురించి చెప్పి ఉన్నాడు. ఇంగ్లీషులో దానికి పెద్ద పేరుంది. మా ఇంట్లో వణుకు అనే అంటాం. నిదానంగా పెరుగుతుంది, మందులతో కొంత పట్టి ఉంచవచ్చు, వెనక్కి మాత్రం పోదు అన్నాడు.

ఆ జబ్బుతో పాటు మా ఇంటికి మర్యాద వచ్చింది. దాన్ని నేను జబ్బు కంటే ఎక్కువ అసహ్యించుకున్నాను. ఆయన ఏమన్నా అందరూ అవుననడం మొదలుపెట్టారు. చిక్కడపల్లిలో ఉండే మా మరిది, ఏ బండి మీది మిర్చి బజ్జీ బాగుంటుందన్న దాని మీద అన్నతో గొంతు పోయేదాకా పోట్లాడిన మనిషి, ఇప్పుడు వచ్చి కూర్చుని "నువ్వన్నట్టే అన్నా" అంటాడు. పుణెలో ఉన్న మా అమ్మాయి ఫోనులో "నీ ఇష్టం డాడీ" అంటుంది. ఒకరోజు ఆయన కావాలనే తప్పుగా, చిక్కడపల్లి కంటే అమీర్‌పేటలోనే రద్దీ తక్కువ అన్నారు. మా మరిది తలూపి, అవునన్నా, నిజమే అన్నాడు. అప్పుడు మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. బతికి ఉండగానే ఫోటోకు దండ వేస్తే మనిషి అలా చూస్తాడు.

నేను మాత్రం మానలేదు. రోగం వచ్చింది చేతికి, నోటికి కాదు కదా అని, ఉప్పు దగ్గర, ఫ్యాను స్పీడు దగ్గర పోట్లాడుతూనే ఉన్నాను. నాకు జాలి లేదని చుట్టాల్లో మాట పుట్టింది. పుట్టనీ అనుకున్నాను.

అందుకే "అమ్మేద్దాం" అన్న మాట నాకు అంత బరువుగా తగిలింది. మరక మాట వినగానే ఆయన మనసులో తీర్పు అయిపోయింది. దసరా నాడు ప్యాకింగు వేసిన చెయ్యి తనది, నూనె కారుతున్నది అక్కడినుంచే, కాబట్టి తన పని అయిపోయింది. ఇవాళ కారు, రేపు గడ్డం గీసుకోవడం, ఎల్లుండి నోరు తెరవడం. ఒక్కొక్కటీ అలా అప్పజెప్పి కూర్చునే మనిషితో నేను మిగిలిన కాలం ఏం మాట్లాడాలి?

"లీకు ఎక్కడో చూడకుండ అమ్మనియ్య" అన్నాను.

"చూసి ఏం జేస్తవ్?"

"చూసినంక చెప్త."

మా మరిదికి అప్పటికే కబురు అందింది. నువ్వన్నట్టే అన్నా అని, కొనేవాణ్ని కూడా వెతికి పెట్టాడు. బండిని ముందు తనకు తెలిసిన షెడ్డుకు పంపుదామని నాకు ఫోను చేశాడు. వద్దన్నాను. కారణం చెప్పలేదు. ఏ మెకానిక్ అయినా కవరు ఎత్తగానే "ఎవరు పెట్టిన్రు సార్ ఈ ప్యాకింగు?" అని అడుగుతాడు. అది నలుగురి ముందు, షెడ్డులో, ఆయన చేతిని చూస్తూ అడుగుతాడు. మా ఇంటి సంగతి మా ఇంట్లోనే తెలియాలి.

ఆదివారం కిందికి దిగాం. కారు ముందు భాగం గోడవైపు ఉంటుంది. నేను గోడకూ బంపరుకూ మధ్య దూరాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీని డ్రైవరు తలుపు దగ్గర వేసుకున్నారు, ఎత్తిన బోనెట్టు మా ఇద్దరికీ మధ్య అడ్డం ఉండేలా. అక్కడినుంచి ఆయనకు ఇంజను కనబడదు. అది తెలిసే అక్కడ వేసుకున్నారు.

నూనె కారే చోటు వెతకడం ఆయన దగ్గరే చూసి ఉన్నాను. కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచి, ఆరనిచ్చి, ఆయన మొహానికి రాసుకునే పౌడరునే డబ్బాడు తెచ్చి కవరు అంచుల పొడుగునా చల్లాను. పార్కింగంతా పెళ్లివారి విడిదిలా గుబాళించింది. గ్రౌండ్ ఫ్లోరు ఆవిడ తలుపు సందులోంచి చూసి లోపలికి పోయింది. ఇంజను ఆన్ చేసి కాసేపు ఉంచి, ఆపి, నేను బొట్టు పెట్టుకునే చిన్న అద్దాన్ని ఇంజను వెనక్కి దించి చూశాను. తెల్లటి పౌడరులో ఒక్కచోట తడి గీత, సన్నగా, కాలువలాగా.

"ఎక్కడ?" అని బోనెట్టు అవతలినుంచి అడిగారు.

"ట్యాపెట్ కవరుకే. వెనక మూలకు."

ఆ మూల కంటికి కనబడదు. వేళ్లతో తడిమి మాత్రమే అక్కడ ప్యాకింగును కుదర్చాలి. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇంజను చల్లారేలోపు ఆటో ఎక్కి నారాయణగూడ మార్కెట్టు వెనక సందులోని సామాన్ల దుకాణానికి వెళ్లాను. అదృష్టం కొద్దీ ఆదివారం తెరిచే ఉంది. మెకానిక్‌ను పంపున్రి మేడం, ఇది మీకు సమజ్ కాదు అన్నాడు కౌంటరు మీది మనిషి. బండి ఏదో మీకు సమజైంది కదా, అయితే ప్యాకింగు ఇయ్యండి, బిగించేది మీరు కాదు కదా అన్నాను. ఇచ్చాడు. మూలల్లో పెట్టే గమ్ము ట్యూబు అడగకుండానే పక్కన పెట్టి, ఎక్కువ పెట్టొద్దని మాత్రం చెప్పాడు. ఆ మాటకు గొడవ పెట్టుకోవడానికి నాకు ఏమీ దొరకలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన కుర్చీ కదల్లేదు. పైపు తీయమన్నారు, ప్లగ్గు వైర్లు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని తీయమన్నారు, బోల్టులు పేపరు మీద వరసగా పెట్టమన్నారు. అన్నీ చూడకుండానే చెప్పారు, పాఠం ఒప్పజెప్పినట్టు. అన్ని బోల్టులూ తీసినా కవరు రాలేదు. చపాతీ కర్ర తెచ్చి అంచు మీద మెల్లగా తట్టాను. అప్పుడు కదిలింది.

సరిగ్గా ఆ సమయానికి మా మరిది వచ్చాడు. చేతిలో మందుల సంచి. కొనేవాడు రేపు చూడ్డానికి వస్తానన్నాడని అన్నకు చెప్పి, అన్న భుజం మీద చెయ్యి వేసి, నా వైపు వచ్చి నిలబడ్డాడు. నేను అప్పుడే కవరు తిరగేసి చూస్తున్నాను.

ప్యాకింగు మూడు వైపులా చక్కగా గాడిలో ఉంది. వెనక మూలలో మాత్రం గాడిలో కూర్చోలేదు. మడతపడి, కవరు కింద నలిగి, అంచు తెగిపోయి ఉంది. మా మరిదికి చెప్పనక్కర్లేకపోయింది. వాడూ ఆ తండ్రి కొడుకే.

కవరు పైన, బయటి అంచు దగ్గర, జిడ్డులో అతుక్కుని ఒక బియ్యపు గింజ ఉంది. దసరా నాటి అక్షింత. ఇంత నల్లదనంలోనూ పసుపు పోలేదు. మా మరిది దాన్ని గోటితో గీకి తీసి, అరచేతిలో పెట్టుకుని, నా చెవి దగ్గరికి వంగాడు.

"వదినా, ఇది ప్యాకింగు కింద ఉండె అని చెప్పు. అక్షింత అడ్డం పడ్డదని. అన్న పానం జర నిమ్మలమైతది."

మంచి అబద్ధం అది. ఎంత మంచిదంటే, వెంటనే నా నోటి దాకా వచ్చింది. తప్పు చేతిది కాదు, పూజది. కావాలంటే నవ్వుకోవచ్చు కూడా, వద్దంటే వినకుండా ఇంజను మీద బియ్యం చల్లారు చూడండి అని నేనే ఏళ్ల తరబడి సాధించవచ్చు. ఆయన ఆ రాత్రి నిద్రపోతారు. ఎవరికీ నష్టం లేదు.

బోనెట్టు కింది సందులోంచి ఆయన మోకాళ్లు కనబడుతున్నాయి. కుడి చెయ్యి మళ్లీ తొడ కింద ఉంది. నేను గింజ మాట చెప్పిన క్షణం నుంచి, అమీర్‌పేటలో రద్దీ తక్కువని తలూపే వాళ్లలో నేనూ ఒకదాన్ని అవుతాను. ఆ తర్వాత ఉప్పు దగ్గర ఎంత పోట్లాడినా అది నాటకమే. ఆయనకు తెలిసిపోతుంది. ప్యాకింగును గాడిలోంచి లాగి, కారు చుట్టూ తిరిగి వెళ్లి, నలిగిన చోటు పైకి వచ్చేలా ఆయన ముందు పట్టుకున్నాను.

"మీ పనే. ఈ మూలకు మడత పడ్డది."

"వదినా" అన్నాడు వెనక మా మరిది. ఆ ఒక్క మాటలో చుట్టాలంతా ఉన్నారు.

ఆయన కుడి చెయ్యి తొడ కిందినుంచి బయటికి తీశారు. రెండు చేతులతో ఆ రబ్బరును అందుకున్నారు. దాని వేలాడుతున్న కొస ఆగకుండా కదులుతోంది. ఆయన దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు. తెగిన అంచు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశారు. నేను నిలబడే ఉన్నాను. ఓదార్చే మాటలు నాకు రావని కాదు, ఆ సమయంలో నోరు తెరిస్తే చేసిందంతా చెడిపోతుందని ఊరుకున్నాను.

"ఆ రోజే అనిపించింది" అన్నారు చివరికి. "వేలికి గాడి తగలలే. మళ్ల తీసి చూద్దామనుకున్న. నువ్వేమో పూజకు టైమైతుందని పైనుంచి ఒకటే పిలుపు."

"అయితే తప్పు నాదంటరా?"

"సగం నీది."

"నేను పిలవకుంటే మంచిగ పెట్టేటోళ్లా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

"పెట్టకపోదును" అన్నారు. "రెండోసారి గూడ గట్లనే అయితుండె."

ఆ మాట అన్నాక ఆయన మొహం నేను అనుకున్నట్టు వాడిపోలేదు. అలసటగా ఉంది, అంతే. చాలాకాలం మోసిన సంచిని దించి పక్కన పెట్టిన మనిషి మొహం. మా మరిది మాత్రం నన్ను చూడకుండా, మందుల సంచి కుర్చీకి తగిలించి వెళ్లిపోయాడు. పోతూ నీకు మనసన్నది ఉన్నదా వదినా అని మెల్లగా అడిగాడు. ఆ గింజను ఏం చేశాడో నేను చూడలేదు.

ఆయన కుర్చీలోంచి లేచి బోనెట్టు ఇవతలికి వచ్చారు. దసరా తర్వాత ఆ ఇంజనును చూడడం అదే మొదటిసారి. గాడిని పాత నూలు చీర ముక్కతో తుడవమన్నారు. తుడిచాను. సరిగ్గా తుడవలేదన్నారు. మళ్లీ తుడిచాను. కొత్త ప్యాకింగును ముందు వెనక మూలలోనే కూర్చోబెట్టమన్నారు.

"వేలితో ఒత్తుకుంట పో. తగులుతున్నదా గాడి?"

"తగులుతున్నది."

"అంచా, గాడా?"

నేను తడుముతూ ఆగిపోయాను. ఏది అంచో ఏది గాడో వణకని నా వేళ్లకే తెలియడం లేదు. ఆ మాట పైకే చెప్పాను. ఆయన నవ్వలేదు. రెండు వేళ్లతో పట్టుకుని గోటితో లోపలికి నెట్టు, అప్పుడు చిన్నగా జారినట్టు తెలుస్తది అన్నారు. జారింది. గమ్ము దగ్గర మళ్లీ గొడవ. ఎక్కువ పెడుతున్నావన్నారు. దుకాణం మనిషి చెప్పినంతే పెట్టానన్నాను. ఆ మనిషికి నా బండి తెలుసా అన్నారు. కొంత తుడిచేశాను, ఒప్పుకుని కాదు, మెడ నొప్పి పుట్టి.

కవరు పెట్టాక బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం, అటొకటి ఇటొకటి బిగించాలి. బిగిస్తున్నప్పుడు కవరు కదలకుండా ఎవరైనా అదిమి పట్టాలి. ఆయన కుడి అరచెయ్యి దాని మీద పెట్టారు. ఆ చేతికి ఉంగరం ఉంది. వణుకుకు ఉంగరం కవరు మీద టకటకమని చిన్నగా కొట్టుకోవడం మొదలైంది. ఆ చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది.

"చెయ్యి తియ్యాల్నా?" అని అడిగారు.

"ఉంచున్రి" అన్నాను. "బరువు కావాలె."

ఆఖరి బోల్టు దాకా ఆ చప్పుడు వింటూనే బిగించాను. మీద పడ్డ పౌడరు, నూనె కలిసి మా ఇద్దరి మోచేతుల దాకా బూడిద రంగు. కడుక్కోవడానికి సగం సబ్బు అయిపోయింది.

ఆ సాయంత్రం కారు కింద పెద్ద అట్టముక్క పరిచి వదిలేశాం. పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద లేరు. తలుపు దగ్గరికి వెళ్తే లిఫ్టులోంచి దిగుతున్నారు, అట్టముక్కను రొమ్ముకు ఆనించి పట్టుకుని. తెచ్చి డైనింగ్ టేబుల్ మీద, టిఫిను ప్లేట్ల పక్కన పెట్టారు. ఒక అంచున చిన్న చుక్క ఉంది. పాతదే, అడుగున ఎక్కడో నిలిచిన నూనె కారి ఉంటుందని నేను. ఇంకో రెండు రోజులు చూస్తే గాని చెప్పలేమని ఆయన. మిగతా అట్టంతా పొడిగా ఉంది.

టీ తాగి తమ్ముడికి ఫోను చేశారు. నేను వంటింట్లో ఉన్నాను. కొనేటోణ్ని రావద్దని చెప్పు, అమ్ముతలేను అన్నారు. అవతల ఏదో మెత్తగా వినిపించింది, అన్నా అన్న మాట రెండుసార్లు. ఎవరు నడిపిస్తరన్నావా, మీ వదినె నడిపిస్తది, నేను పక్కన కూసుంట అన్నారు ఈయన. అక్కడ గొంతు కొంచెం పెరిగింది. మాట ఇచ్చాడట, ఆ మనిషి పొద్దున్నే ఉప్పల్ నుంచి బయల్దేరాడట, అమ్ముదామన్నది నువ్వే కదా అట. మా ఆయన, నేనంటే నువ్వు ఊకుంటివా, ఒక్క మాట అడ్డం చెప్పకపోతివి అన్నారు. ఇక ఆ తర్వాత ఫోను చెవికి పెట్టుకోనక్కర్లేకపోయింది. నా దాకా వినబడింది.

"నీకు జర గూడ అకల్ లేదన్నా. పొద్దుకొక మాట, మాపుకొక మాట. చిన్నప్పటిసంది ఇదే నీతోటి."

కుడి చేతిలో ఫోను ఊగిపోతోంది. ఆయన దాన్ని ఎడమ చేతికి మార్చుకుని, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పురా" అన్నారు. "చిన్నప్పటిసంది ఏంది?"

నేను పొయ్యి మీది పప్పును సన్న మంట మీదికి తగ్గించి, వంటింటి తలుపు మెల్లగా దగ్గరికి వేశాను.